ముఖాల బాకీ

ముందు పోయినవి చెబుతాను. మా చర్చి హాలు గోడలకు ముప్ఫై ఎనిమిది పటాలు ఉండేవి. ఏటా కోతపండుగ నాడు, పంటలో మొదటి భాగం తెచ్చి వేదిక ముందు పెట్టాక, సంఘమంతా మెట్ల మీద వరసలుగా నిలబడితే తీసిన ఫోటోలు అవి. ఏడాదికి ఒకటి. తుఫాను గాలికి హాలు పైకప్పు రేకులు లేచిపోయి, మూడు రోజులు గోడల మీంచి నీళ్లు కారాయి. పటాలు దించి తుడిచి చూస్తే పన్నెండింటిలో బొమ్మన్నదే లేదు, అద్దానికి అంటుకున్న బురద రంగు తప్ప. రెండు మాత్రం ఏ దెబ్బా తగలకుండా బయటపడ్డాయి. మిగిలిన ఇరవై నాలుగింటిలో ముఖాలు పోయాయి. కొన్ని సగం, కొన్ని మొత్తం. భూతద్దం పెట్టుకుని రెండు ఆదివారాలు కూర్చుని లెక్కపెట్టాను. మూడు వందల పన్నెండు. పూర్తిగా పోయిన పన్నెండు పటాల్లో ఎన్ని ముఖాలుండేవో ఆ లెక్కే పోయింది కాబట్టి వాటిని కలపలేదు.

మాది పర్చూరు వైపు ఊరు. మా సంఘంలో ఎక్కువమంది మిరపకాయ కోతకీ పత్తి తీతకీ వెళ్లేవాళ్లే. ఇళ్లల్లో పాత ఫోటోలు తక్కువ. పెళ్లి ఫోటో ఒకటి ఉంటే ఉన్నట్టు. మనిషి పోయాక ఇంటివాళ్లు హాలుకొచ్చి, ఫలానా పటంలో రెండో వరసలో ఉన్నాడని పిల్లలకు వేలుపెట్టి చూపించుకునేవాళ్లు. ఇప్పుడు వేలు పెట్టడానికి ఏమీ లేదు.

నేను పత్తి మిల్లులో కాటా గుమాస్తాని. బండి లోపలికి వచ్చేటప్పుడు ఒక బరువు, ఖాళీగా వెళ్లేటప్పుడు ఒక బరువు, రెండింటి తేడా పత్తి. చదువు పదో తరగతితో ఆగింది. ఆ పైన వచ్చిన లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నవే. నష్టం ఎంతో చూసిపెట్టమని పాస్టరు గారు అడిగితే లెక్కపెట్టాను. అంతవరకే నా పని. కానీ మూడు వందల పన్నెండు అని తేలాక ఆ అంకె నన్ను వదల్లేదు. లెక్క తేలిన బాకీని అలా వదిలేయడం నాకు చేతకాదు.

రెండు పటాలు సంచిలో పెట్టుకుని నల్లపాడులో ఒక స్టూడియోకి వెళ్లాను. అక్కడాయన మంచి పనిమంతుడు. ఒక ముఖాన్ని నా కళ్లముందే ఐదు నిమిషాల్లో నిలబెట్టాడు. పక్కనున్నావిడ చెంప తీసి ఇటు అతికించాడు, ఉన్న కన్ను తిరగేసి లేని చోట పెట్టాడు, పైనుంచి ఒక తెల్లటి పూత పూశాడు.

"ఈవిడ మా మేనత్త కాదండీ," అన్నాను.

"పోయి ఇరవయ్యేళ్లయిందన్నారు కదా సార్. ఎవరు గుర్తుపడతారు?"

"నేను గుర్తుపడతానండీ."

ఆయన నవ్వి, "అయితే మీరే వేసుకోవాలి," అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం అక్కడ పక్కన పడేసి ఉన్న పాత కంప్యూటరు, పలకలా ఉండే పెన్ టాబ్లెట్ అడిగి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక నా భార్య ఆ సామానంతా చూసింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. "మా పిల్లలు ఏనుగు గీస్తే ఏనుగని తెలుస్తుందండీ. మీరు పెళ్లయిన కొత్తలో నా బొమ్మ గీశారు, గుర్తుందా? చింతపండు ముద్దలా ఉంది," అంది.

అది నిజమే. బొమ్మ వేయడం పుట్టుకతో చేతికి రావాలనుకునేవాణ్ణి. ఆ కంప్యూటర్లో ఉన్న, ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే ప్రతిదానికీ ఒక అంకె ఉంది. బ్రష్ ఎంత వెడల్పో అంకె. అంచు ఎంత మెత్తగా ఉండాలో అంకె. రంగు ఎంత పలచగా పడాలో చెప్పే ఒపాసిటీకి అంకె. రంగే మూడు అంకెలు: ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత. నాకు ప్రాణం లేచొచ్చింది. పది శాతం ఒపాసిటీతో ఏడుసార్లు పూస్తే డెబ్బై శాతం కప్పుతుందనుకున్నాను. కప్పలేదు. ప్రతి పూతా అప్పటికి మిగిలిన దానిలో పదో వంతే కప్పుతుంది కాబట్టి ఏడు పూతలకు సగం మీద కొంచెం తేలింది. కాగితం మీద వేసి చూసుకుంటే సరిగ్గా యాభై రెండు. ఆ రోజు నుంచి బ్రష్ అంటే భయం పోయింది.

చేతికి అలవాటయ్యే దాకా ముఖాల జోలికి పోలేదు. కల్లంలో ఎండబోసిన మిరపకాయల ఫోటో ఒకటి పెట్టుకుని, ఒక కాయను చెరిపేసి మళ్లీ వేసేవాణ్ణి. ఎర్రటి కాయలో ఎరుపు కానిదెంత ఉంటుందో అప్పుడు తెలిసింది. వంపు దగ్గర దాదాపు నల్లగా, మెరుపు దగ్గర దాదాపు తెల్లగా ఉంటుంది. పలక మీద చెయ్యి కదులుతుంటే కళ్లు తెరను చూడాలి. అది కుదరడానికే రెండు నెలలు పట్టింది. మిల్లు ఖాళీగా ఉండే ఎండాకాలమంతా కాయలతోనే గడిచింది.

తర్వాత ముఖాలు మొదలుపెట్టాను. నాకు నేను రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాను. స్కాన్ చేసిన అసలు ఫోటో అడుగు పొరగా, అంటే లేయర్‌గా, తాళం వేసి ఉండాలి, దాన్ని ముట్టుకోకూడదు. ఏం వేసినా దాని పైన వేరే లేయర్లలోనే వెయ్యాలి. రెండోది, ఎవరినీ తెల్లబరచకూడదు. స్టూడియోల్లో అడక్కుండానే తెల్లబరుస్తారు. మావాళ్లూ అదే అడిగేవాళ్లు.

"కొంచెం రంగు తేల్చు బావా, నీ సొమ్మేం పోయింది?" అని ఒకడు గొడవ.

"మీ నాన్న ఎండలో పత్తి తీసినోడురా. నీడలో కూర్చున్నోడు కాదు."

"పోయాకైనా నీడలో కూర్చోనీ."

నేను వినలేదు. ముఖంలో రంగు పాడైపోయి ఉంటే మెడ దగ్గరో మోచేతి దగ్గరో మిగిలిన రంగును తీసి, ఆ అంకెలతోనే ముఖం వేసేవాణ్ణి. కొలతకు కట్టుబడిన పని కదా అని నాకు నమ్మకం. అలా డెబ్బై నాలుగు ముఖాలు పూర్తి చేసి, ప్రింట్లు తీయించి ఎవరివి వాళ్ల ఇళ్లకిచ్చాను.

అప్పుడొచ్చింది ఆమె. మా ఊళ్లో మిరపకాయ కోత ముఠాను నడిపే పెద్దావిడ. వరసకు నాకు అత్త. ఈ చేలో అరిస్తే ఆ చేలో వంగున్నవాళ్లు లేచి చూస్తారు, అంత గొంతు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంటికొచ్చి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏం అల్లుడా! ఊళ్లో సచ్చినోళ్లందరినీ లేపుతున్నావంట. నా పిల్ల వంతు ఎప్పుడొచ్చుద్ది?"

ఆమెకు తొమ్మిదేళ్ల కూతురు ఉండేదని, జ్వరంతో పోయిందని నాకు తెలుసు. ముప్ఫై అయిదేళ్ల కిందటి మాట. రంగుల ఫోటోలు మా ఊరికి వచ్చిన కొత్తల్లో తీసిన పటంలో ముందు వరసలో తల్లీ కూతురూ ఉన్నారు. ఆ పిల్లకు ఉన్న ఫోటో అదొక్కటే. అందులో తల్లి ముఖం బాగానే ఉంది. పిల్ల ముఖం అద్దానికి అంటుకుని ఊడొచ్చింది. కుడి కన్ను, ముక్కులో కొంత, పెదవులు, దవడ మిగిలాయి. ఎడమ కన్ను, ఆ వైపు చెంప, నుదురు లేవు.

"వరసలో ఇంకా ముందున్నవాళ్లు ఉన్నారత్తా," అన్నాను.

ఆమె మంచం మీద కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేను అంతకు ముందెప్పుడూ వినలేదు.

"ముఖం రావట్లా, అబ్బాయా. కళ్లు మూసుకుంటే గౌను వచ్చుద్ది, జడలు వత్తాయి, ముఖం దగ్గర ఏమీ ఉండదు. ఇదివరకు వారానికోసారి హాల్లోకి పోయి చూసొచ్చేదాన్ని. ఇప్పుడు చూడ్డానికి లేదుగా. మర్చిపోతున్నా."

నా భార్య మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది. నేను ఆ పిల్లను వరసలో ముందుకు తెచ్చాను.

రెండు వారాలు పనిచేశాను. కుడి కన్ను తిరగేసి ఎడమ వైపు పెట్టి, దానిమీద బ్రష్‌తో రెప్ప వేశాను. చెంప నింపాను. నుదుటి మీద జుట్టు మొదళ్లు ఒక్కొక్క పిక్సెల్, అంటే తెర మీద ఒక్క చుక్క, వెడల్పున లాగాను. దవడ వెంట తెల్లగా ఒక మచ్చ, దానికి గీత గీసినట్టు అంచు ఉన్నాయి. అన్ని పటాల నిండా బూజు మచ్చలు అలాంటివే. అన్నిటినీ తీసేసినట్టే దాన్నీ పైలేయర్‌లో తీసేశాను. ఒంటి రంగు మెడలోంచి తీసుకున్నాను. పూర్తయ్యాక దూరం నుంచి చూస్తే నా డెబ్బై నాలుగింటికంటే అదే బాగా కుదిరిందనిపించింది.

ఆమెను పిలిచి తెర ముందు కూర్చోబెట్టాను. చాలాసేపు చూసింది.

"బాగుంది," అంది. "ఎవరి పిల్ల?"

నేను నవ్వబోయి ఆగాను. ఆమె వేళాకోళం ఆడటం లేదు.

"మన పిల్లే, అత్తా. గౌను చూడు."

"గౌను మాదే. పిల్ల కాదు."

"ఎక్కడ తేడా ఉందో చెప్పు, దిద్దుతాను. కన్నా? ముక్కా?"

"నాకే తెలిస్తే నీ దగ్గరికెందుకు వత్తానయ్యా?" అని కసిరి, వెంటనే తెరకేసి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తియ్యి దాన్ని. నాలుగు రోజులు చూశానంటే ఇదే నా పిల్ల అనుకుంటా. ఇదొచ్చి నా తలకాయలో కూచుంటే అసలుది ఇంక రాదు. తీసెయ్యి."

నేను పైలేయర్లన్నీ ఆపేశాను. పాడైన పాత ముఖం కనబడింది. ఇంతకాలం నేను తప్పు చేస్తే బొమ్మ పాడవుతుందనుకున్నాను. ఒక తల్లి జ్ఞాపకం పాడవుతుందని నాకు తట్టలేదు. ఆ డెబ్బై నాలుగు ముఖాలూ ఎవరెవరి ఇళ్లకు చేరి, ఎవరెవరి తలకాయల్లో కూర్చున్నాయో అని భయమేసింది.

ఆమె చెయ్యి దించి ఆ పాత ముఖాన్ని చూస్తోంది. ముందుకు వంగి దవడ మీద వేలు పెట్టింది.

"ఇదెందుకు తుడిచావ్?"

"బూజు కదత్తా."

"నీ మొహం బూజు! పౌడరు."

నా భార్య పెద్దగా నవ్వేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఫోటోకు నిలబడ్డాక ఒక పౌడరు డబ్బా వరసంతా చేతులు మారేది. ఆడవాళ్లు పిల్లలకు దట్టంగా పట్టించేవాళ్లు. ఎండకు చెమట పట్టి దవడ దగ్గర గీత పడేది. పై ముఖం తెల్లగా, కింద మెడ అసలు రంగులో ఉండేది. మగపిల్లలం చొక్కా చేత్తో తుడిచేసుకునేవాళ్లం గనక నాకు ఆ సంగతే తట్టలేదు. ఎవరినీ తెల్లబరచనని పంతం పట్టినవాణ్ణి, తల్లి స్వయంగా పూసిన తెలుపును చెరిపేశాను.

"నేనే పూశా," అంది ఆమె. "ఇట్టా." గాల్లో చెయ్యి తిప్పింది. ఆ చెయ్యి తడుముకోకుండా తిరిగింది.

నేను పెన్ను ఆమె చేతికిచ్చాను. మెత్తటి తెల్ల బ్రష్ పెట్టి, "పిల్ల ముఖం మీద నువ్వే పుయ్యి," అన్నాను. ఆమె పెన్నును పిడికిట్లో పట్టుకుని పలక మీద రుద్దితే తెల్లటి గీత ఆకాశంలోంచి పాస్టరు గారి నెత్తి మీదికి పోయింది. "ఛీ, దీంతో ఏంది? పౌడరు చేత్తో గదా పూసేది," అని పెన్ను అవతల పడేసింది.

నా భార్య అద్దం దగ్గరి పౌడరు డబ్బా తెచ్చి ఆమె ముందు కింద కూర్చుంది. "నాకు పుయ్యి పిన్నీ. మీ అల్లుడు చూస్తారు."

"నువ్వు నా పిల్లంత ఉన్నావా? గుమ్మడికాయంత మొహం," అంటూనే పౌడరు వంపుకుంది. కొంగు తడి చేసి ముఖం తుడిచింది. అరచెయ్యి అడ్డంగా పెట్టి ఈ చెవి వైపు నుంచి ఆ చెవి వైపుకు లాగింది. వేళ్ల చివర్లు చెవి దాకా రాలేదు. రెండు వేళ్ల వెడల్పు మిగిలింది.

ఆమె ఆగిపోయింది. "దానికైతే నా వేళ్లు చెవిలోకి పోయేవి," అంది. "చక్కిలిగిలి. ఇట్టా పక్కకి తిరిగేది."

నేను లేచి పటంలో చూశాను. తల్లి చెయ్యి కూతురి భుజం మీద ఉంది. మణికట్టు నుంచి నడివేలి కొస దాకా ఏ దెబ్బా లేకుండా ఉంది. కొలబద్ద అక్కడే ఉంది, రెండు వారాలు నేను దాని పక్కనే పనిచేశాను.

ఆమె చెయ్యి స్కేలుతో కొలిచాను. నా భార్య ముఖం వెడల్పు కొలిచాను. అందులోంచి రెండు వేళ్లు తీసేస్తే పిల్ల ముఖం వెడల్పు వచ్చింది. వచ్చినదానికీ ఆమె చేతి పొడవుకూ ఎంతకెంత ఉందో తీసి, ఫోటోలోని చేతికి అదే లెక్క కట్టాను. చెయ్యి ముడతలు పడుతుంది గానీ ఎముక పొడవు మారదు. నేను వేసిన ముఖం పదకొండు పిక్సెళ్లు ఎక్కువ వెడల్పుంది. ఎందుకుందో కూడా తెలిసింది. చక్కిలిగిలికి పిల్ల కొంచెం పక్కకు తిరిగి ఉంది. తిరిగిన వైపు చెంప సన్నగా కనబడాలి, కన్ను ఇరుకుగా ఉండాలి. నేను ఇటువైపును తిరగేసి అటు అతికించాను. నల్లపాడులో ఆయన చేశాడని నేను వద్దన్న పని అదే.

తిరగేసిన సగాన్ని తీసి పారేశాను. మిల్లులో సీజను మొదలైంది, బండ్లు బారులు తీరాయి. పొద్దున్న డ్యూటీకి ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చునేవాణ్ణి. ఎడమ చెంపను ఏడుసార్లు వేసి ఏడుసార్లు చెరిపాను. ఆ కన్ను ఈసారి దేన్నుంచీ తేలేదు, చిన్న బ్రష్‌తో మొదటి నుంచీ వేశాను. ఒంటి రంగు మెడలోంచే తీసుకున్నాను, అది తప్పు కాదు. దానిమీద వేరే లేయర్‌గా పౌడరు వేశాను. నా భార్య ముఖం మీద ఆమె చెయ్యి పోయిన దారినే బ్రష్ నడిపాను. చెంప మధ్యలో చిక్కగా, ముక్కు పక్కన పలచగా. దవడ దగ్గర ఆ గీత తేడా రాకుండా అడుగు ఫోటోలో ఉన్నదాన్నే బయటికి తెచ్చాను.

ఈసారి ఆమెను పిలవలేదు. ఒకవేళ తప్పైతే మళ్లీ ఆ ముఖం ఆమె కంట్లో పడకూడదు. ముందు నా భార్యను తెర ముందు కూర్చోబెట్టాను. "ఈ పిల్లకు చక్కిలిగిలి పెట్టారు," అంది ఆమె. అప్పుడు అత్తకు కబురు చేశాను.

కోత నుంచి నేరుగా వచ్చింది. వేళ్లకు మిరప ఘాటు ఉందని కళ్లు తుడుచుకోకుండా చేతులు దూరంగా పెట్టుకుని నిలబడింది. తెర వైపు చూసింది. నేను లేయరు ఆపడానికి మౌస్ మీద వేలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"పౌడరు ఎక్కువైంది," అంది.

"తగ్గిస్తానత్తా. నలభై ఉంది, ముప్ఫై చేస్తాను."

"తగ్గించమాక. ఆ రోజూ ఎక్కువే అయింది. దెయ్యంలా ఉన్నావే అని పక్క పిల్లలు ఎక్కిరిస్తే ఏడ్చింది. నేను ఇట్టా రెండోసారి తుడవబోతే చక్కిలిగిలై నవ్వింది. ఏడుపులోనే నవ్వింది." కళ్లు మూసుకుంది. అలాగే నిలబడింది. "వత్తంది," అంది. "ముఖం వత్తంది, అబ్బాయా."

తర్వాత కళ్లు తెరిచి నా భార్యతో, "ఏమే, మీ ఆయనకి కాఫీ పోస్తున్నావా, ఉత్తినే కూచోబెడుతున్నావా?" అని ఎప్పటి గొంతుతో అరిచింది.

ఆ వారమే నేను లెక్క తిరగరాశాను. పూర్తయ్యాయనుకున్న డెబ్బై నాలుగింటినీ మళ్లీ బాకీలోకి తోశాను. ఇచ్చిన ప్రింట్లు ఇంటింటికీ తిరిగి వెనక్కి అడిగాను. కొందరు తిట్టారు. "ఇచ్చిందాన్ని మళ్లీ తీసుకుంటావేందిరా, బుద్ధుందా?" అని ఒకాయన తలుపేసుకున్నాడు. మూడోసారి వెళ్తే ఇచ్చాడు. తీరింది ఒకటి, మిగిలింది మూడు వందల పదకొండు. మనిషిని ఎరిగినవాళ్లు ఒకరైనా పక్కన కూర్చుంటేనే ముఖం వేస్తానని చర్చిలో నిలబడి చెప్పాను. ఎరిగినవాళ్లు ఎవరూ లేని ముఖాలు బూడిద రంగులో వదిలేస్తానని, వాటినీ బాకీ కిందే లెక్కిస్తానని కూడా చెప్పాను.

అప్పటి నుంచి పని నెమ్మదైంది. ఎరిగినవాళ్లు వస్తారు, మాట్లాడతారు, వాదించుకుంటారు. ఒక మీసం ఎటు తిరిగి ఉండేదని అన్నదమ్ములిద్దరు నా ఇంట్లో కొట్టుకోబోయారు. కొందరు వస్తామని రాకుండానే పోయారు. వాళ్లు ఎరిగిన ముఖాలు కూడా వాళ్లతోనే బూడిద రంగు వరసలోకి వెళ్లాయి. పత్తి లేని నెలల్లో వారానికి రెండు ముఖాలు తెములుతాయి, సీజనులో ఒకటి కూడా కష్టం. రేపు ఆదివారం ఆరాధన తర్వాత ఒక ముసలాయన తన అన్న ముఖం కోసం వస్తానన్నాడు. కంప్యూటరు తుడిచి పెట్టాను, పక్కన రెండో కుర్చీ వేశాను.

ఇవాళ్టికి బాకీ నూట నలభై ఒకటి.